రూపాయి ఇవ్వకుండా సేవ – 3వ పాఠం: చదివి పెట్టడం, రాసి పెట్టడం

రెండో పాఠం చివర మీకొక పని చెప్పాను. ఏదైనా సంస్థకు వెళ్లినప్పుడు ‘నేను ఇది ఇస్తాను’ అనకుండా, ‘ఈ నెలలో మీకు మనిషి సాయం ఎక్కడ తక్కువైంది?’ అని అడిగి రమ్మన్నాను. చూపు లేని పిల్లలు చదువుకునే చోట ఆ మాట అడిగితే, నేను తిరిగినంతవరకు ప్రతిచోటా రెండే జవాబులు వచ్చాయి. చదివి పెట్టేవాళ్లు కావాలి, పరీక్ష రాసి పెట్టేవాళ్లు కావాలి. పుట్టినరోజు భోజనాలు, దుప్పట్లు, స్వీట్ బాక్సులు మన హైదరాబాద్‌లో ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. గంటసేపు పక్కన కూర్చుని సోషల్ పుస్తకం చదివే మనిషి మాత్రం అంత సులువుగా దొరకడు.

ఈ పనులకు మంచి మనసొక్కటే చాలదు, నేర్చుకోవాలి. నేను నేర్చుకోకుండానే దిగాను. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయికి హిస్టరీ పాఠాలు ఫోన్‌లో రికార్డ్ చేసి ఇచ్చాను. మొత్తం మూడు గంటలు, ఒకటే ఫైలు. ఎక్కడా పేజీ నంబరు చెప్పలేదు, పాఠం ఎక్కడ మొదలైందో చెప్పలేదు. పరీక్ష ముందు రోజు రాత్రి ఆమెకు కావలసింది ఒక్క ప్రశ్నకు జవాబు. ఆ మూడు గంటల్లో దాని కోసం ముందుకీ వెనక్కీ జరుపుతూ అర్ధరాత్రి దాకా కూర్చుంది, దొరకలేదు. తర్వాత కలిసినప్పుడు, “అక్కా, పేజీ నంబర్లు చెప్పి ఉంటే వెతుక్కునేదాన్ని” అంది, అంతే. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

కంప్యూటర్ చదివేస్తుంది కదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఫోన్‌లో స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఉంది, నిజమే. తెలుగు యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు ఫోన్లన్నీ గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో, ఉంటే చదువుతుంది కూడా. కానీ మన తెలుగు పుస్తకాలు, నోట్సు చాలావరకు అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లలో కంపోజ్ చేసినవి. ఆ పీడీఎఫ్ తెరిస్తే స్క్రీన్ రీడర్‌కు పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి. అశోక్‌నగర్‌లో దొరికే కోచింగ్ మెటీరియల్ సంగతి ఇంకా కష్టం. అది జిరాక్స్‌కు జిరాక్స్, అందులో సగం చేతిరాత. ఇక బ్రెయిలీలో అచ్చు వేస్తే మామూలు పాఠ్యపుస్తకం ఒకటి కొన్ని సంపుటాలవుతుంది. అందుకే గొంతుకు ఇంకా ఇంత అవసరం ఉంది. టైపింగ్ బాగా వచ్చినవాళ్లు నోట్సును యూనికోడ్‌లో కొట్టి ఇచ్చినా అంతే మేలు.

‘పుస్తకం చదివి రికార్డ్ చేస్తే కాపీరైట్ కేసవుతుందా?’ అని టెన్షన్ పడకండి. చూపు లేనివాళ్లు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చి ఇవ్వడానికి 2012లో సవరించిన కాపీరైట్ చట్టం వీలు కల్పించింది. అలాంటి పుస్తకాలు దేశాలు దాటి అందడానికి కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కంటే ముందు ఆమోదించింది భారతదేశమే. అయితే ఆ రికార్డింగ్ ఆ పిల్లలకే ఇవ్వాలి, యూట్యూబ్‌లో పెట్టకూడదు.

గది, గొంతు, ఫైలు

ఇది తొందరగా చెప్పేస్తాను. హైదరాబాద్‌లో నిశ్శబ్దం తెల్లవారుజామున అయిదింటికే దొరుకుతుంది. ఆరు దాటితే కుక్కర్ విజిళ్లు, స్కూల్ బస్సుల హారన్లు మొదలు. ఫ్యాన్ ఆపండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టండి. అప్పుడు ప, ఫ, భ పలికినప్పుడు ఊపిరి మైకుకు తగలదు. ఒక్కో ఫైలు పది నిమిషాలకు మించకూడదు. మొదట్లోనే ‘పదో తరగతి సోషల్, మూడో పాఠం, పేజీ 41 నుంచి’ అని చెప్పండి. పేజీ తిప్పినప్పుడల్లా కొత్త నంబరు చెప్పండి. ఫైలు పేరులోనూ అదే రాయండి.

భావంతో, నాటకంలా చదవొద్దు. స్క్రీన్ రీడర్‌కు అలవాటుపడ్డ పిల్లలు రికార్డింగ్‌ను వేగం పెంచుకుని వింటారు. గొంతు ఒకసారి లేచి ఒకసారి పడితే ఆ వేగంలో మాటలు మింగేసినట్టు వినిపిస్తాయి. ఒకే తీరున, మాట చివరి దాకా పలుకుతూ చదవండి.

బొమ్మ వచ్చినప్పుడు

ఈ పాఠంలో మీరు ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. అక్షరాలు ఎవరైనా చదువుతారు. పటం రాగానే చాలామంది ‘ఇక్కడ ఒక మ్యాప్ ఉంది’ అని దాటేస్తారు. అదే అమ్మాయి ఒకసారి నన్ను ఆపి, “ఇక్కడ అంటే ఎక్కడ అక్కా?” అని అడిగింది. మన నోట్లో ‘ఇక్కడ, ఇలా, పైన చూపినట్టు’ అన్న మాటలు ఎన్నిసార్లు వస్తాయో అప్పుడు తెలిసింది.

తెలంగాణ నదుల పటాన్నే తీసుకుందాం. ముందు బొమ్మ పేరు, తర్వాత అంచులు, ఆ తర్వాత ఒక చివర నుంచి వేలు పెట్టి నడిచినట్టు చెప్పాలి. నేనిప్పుడు ఇలా చదువుతాను:

‘పటం. తెలంగాణ నదులు. ఉత్తరం పైన ఉంది. మూడు నదుల గీతలు ఉన్నాయి. మొదటిది గోదావరి. పటంలో ఎడమవైపు, పైభాగంలో, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. అక్కడే మంజీర కలుస్తుంది. అక్కడి నుంచి కుడివైపుకు, అంటే తూర్పుకు, బాసర మీదుగా సాగుతుంది. కాళేశ్వరం దగ్గర పైనుంచి, అంటే ఉత్తరం నుంచి, ప్రాణహిత వచ్చి కలుస్తుంది. తర్వాత గీత కిందికి వాలి, ఆగ్నేయంగా భద్రాచలం వైపు వెళ్తుంది. రెండోది కృష్ణ. ఇది పటం అడుగున, దక్షిణపు అంచు వెంట ఉంది. మూడోది మూసీ. ఎడమవైపు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మొదలై, హైదరాబాద్ మీదుగా తూర్పుకు వెళ్లి, కిందికి తిరిగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పటం అయిపోయింది.’

‘అయిపోయింది’ అన్న చివరి మాట మరవకండి. అది లేకపోతే తర్వాతి వాక్యం పాఠంలోదో పటంలోదో వినేవాళ్లకు తెలియదు. రంగులు కూడా అనవసరం అనుకోవద్దు. ప్రశ్నలో రంగు అడిగే అవకాశం ఉంటే చెప్పాలి, లేకపోతే వదిలేయొచ్చు.

పట్టికలో ముందు ఎన్ని అడ్డు వరుసలు, ఎన్ని నిలువు వరుసలు ఉన్నాయో చెప్పి, ఒక్కో అంకె ముందు దాని శీర్షిక మళ్లీ పలకాలి. విసుగనిపిస్తుంది, కానీ తప్పదు. లెక్కల్లో ఇంకా జాగ్రత్త. ‘రెండు బై ఎక్స్ ప్లస్ మూడు’ అని ఊరుకుంటే మూడు గీత కింద ఉందో పక్కన ఉందో తెలియదు. ‘భిన్నం మొదలు, పైన రెండు, కింద ఎక్స్ ప్లస్ మూడు, భిన్నం అయిపోయింది’ అనాలి. ‘ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్’లో ఆ ‘హోల్’ తినేస్తే లెక్కే మారిపోతుంది.

పరీక్ష రాసి పెట్టడం

2016 వికలాంగుల హక్కుల చట్టం తర్వాత, 2018లో కేంద్రం ఈ పరీక్షల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు సాగుతుంది. అభ్యర్థి తనే స్క్రైబ్‌ను, అంటే పరీక్ష రాసి పెట్టే మనిషిని, తెచ్చుకుంటే, ఆ మనిషి చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని ఆ 2018 మార్గదర్శకాల్లో ఉండేది. నిబంధనలు పరీక్షను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదివాకే మాటివ్వండి.

ఈ మెట్టు సంగతి వినగానే చాలామంది నిరుత్సాహపడతారు. డిగ్రీ పాసైన మీరు ఇంటర్ పిల్లవాడికి పరీక్ష రాయడానికి పనికిరారు. పదో తరగతికి రాయాల్సింది మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పాప. కానీ ఆ పాపను తయారు చేసేది ఎవరు? నాలుగు గంటలు ఓపికగా కూర్చోవడం నేర్పేది, సెంటర్‌కు గంట ముందే బండి మీద తీసుకెళ్లేది, గుర్తింపు కార్డు, ఫొటోలు, ఫారాలు సర్దేది మీరే. పాపకు జ్వరం వస్తే రావడానికి ఇంకొకరిని ముందే మాట్లాడి పెట్టేదీ మీరే. మాటిచ్చిన స్క్రైబ్ ఆ ఉదయం రాకపోతే ఒక విద్యార్థికి ఏడాది పోవచ్చు. అందుకే బదులు మనిషి లేకుండా ఒప్పుకోకూడదు అంటాను నేను.

పాపకు నేర్పాల్సిన పద్ధతి ఇది. ప్రశ్నను రెండుసార్లు చదవాలి. విద్యార్థి చెప్పింది చెప్పినట్టు రాయాలి, తప్పు చెప్పినా సరే. ‘అది కాదేమో’ అనడం, గొంతులో అనుమానం వినిపించడం కూడా కాపీ కిందే లెక్క. పేరు ఎలా రాయాలో తెలియకపోతే ‘స్పెల్లింగ్ చెప్పండన్నా’ అని అడగాలి. జవాబు పూర్తయ్యాక చదివి వినిపించాలి. అరగంటకోసారి టైమ్ చెప్పాలి. పరీక్షకు ముందు కనీసం రెండుసార్లు ఆ విద్యార్థితో కూర్చుని పాత పేపరు రాయించండి. ఒకరి ఉచ్చారణ ఒకరికి అలవాటు కావాలి. ఖమ్మం పిల్లవాడు చెప్పే మాట నారాయణపేట పాపకు వెంటనే అందకపోవచ్చు.

ఈ వారం అభ్యాసం

ఎనిమిది నుంచి పది దాకా ఏ తరగతి సోషల్ పుస్తకమైనా తీసుకోండి. కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో దొరుకుతుంది. అందులో పటం ఉన్న ఒక పేజీ పైన చెప్పినట్టు రికార్డ్ చేయండి. ఇంట్లో ఒకరికి తెల్లకాగితం, పెన్సిల్ ఇచ్చి, పుస్తకం చూపించకుండా రికార్డింగ్ పెట్టి, విన్నది గీయమనండి. పెన్సిల్ ఎక్కడ ఆగిపోయి ‘ఎటు?’ అని మీ మొహం చూస్తారో ఆ నిమిషం, సెకను రాసుకోండి. ఆ వాక్యాలు మాత్రమే మార్చి మళ్లీ చదవండి. పటం సరిగ్గా వచ్చేదాకా ఎవరికీ పంపొద్దు.

నాలుగో పాఠం రక్తదానం మీద. అప్పటికి, మీరు చివరిసారి ఎప్పుడు రక్తం ఇచ్చారో తేదీ వెతికి పెట్టుకోండి. మళ్లీ ఇవ్వాలంటే మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు దాటాలి.