కెమెరా వ్యవస్థ మార్చాలంటే లెక్క పొడవాటి లెన్సుతో మొదలుపెట్టాలి

ప్రకృతి దృశ్యాలనూ వన్యప్రాణులనూ ఒకే సంచిలోని సామగ్రితో తీసేవారు ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి మారదలచినప్పుడు ముందుగా కొత్త బాడీల (లెన్సు లేని కెమెరాల) గుణగణాలను పోల్చుకుంటూ కూర్చుంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. బాడీ కొన్నేళ్లకే పాతబడుతుంది, మంచి లెన్సు దశాబ్దం దాటినా పనికొస్తుంది. దృశ్యాలకు కావలసిన వైడ్ యాంగిల్ లెన్సులు పెద్ద కంపెనీలన్నింటిలోనూ మంచివే దొరుకుతాయి కనుక, మీరు కొనగలిగిన, రోజంతా మోయగలిగిన టెలిఫొటో లెన్సు (దూరపు వాటిని దగ్గరగా చూపే పొడవాటి లెన్సు) ఏ మౌంటుకు (బాడీకి లెన్సు బిగించే అమరికకు) ఉన్నదో ముందు తేల్చుకోవాలి.

అందుకు గత రెండేళ్లలో మీరు దాచుకున్న మంచి ఫొటోలను తెరిచి, ఏ ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత దగ్గరగా చూపుతుందో మి.మీ.లలో చెప్పే కొలత) వద్ద ఎన్ని తీశారో లెక్కపెట్టండి. నేను అలా చూసుకున్నప్పుడు పక్షుల ఫొటోల్లో అధికభాగం 500 మి.మీ. దాటినవే అని తేలడంతో, అప్పటికే మనసుపడిన 100-400 మి.మీ. లెన్సును వదులుకోవలసి వచ్చింది.

కానన్ ఆర్‌ఎఫ్ 100-500 లెన్సు ట్రైపాడ్ కాలర్ (లెన్సును ట్రైపాడ్‌కు బిగించే పట్టీ) లేకుండా సుమారు 1.4 కిలోలు తూగుతుంది, సంచిలో పొట్టిగా ఒదుగుతుంది, దూరపు కొండల వరుసలకూ పనికొస్తుంది. అయితే 500 వద్ద దాని అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్/7.1 కంటే పెద్దగా తెరుచుకోదు కనుక సంధ్యవేళ ఐఎస్ఓ (కాంతికి కెమెరా సున్నితత్వం) పెంచక తప్పదు. సోనీ 200-600, నికాన్ 180-600 రెండూ 2 కిలోల చుట్టుపక్కల ఉంటాయి. జూమ్ చేసినా వీటి పొడవు మారదు కాబట్టి ట్రైపాడ్ మీద తూకం పెద్దగా చెదరదు, కానీ సంచిలోనూ అవి అంత పొడవుగానే ఉంటాయి. కాలినడకన కొండలెక్కేవారికి మొదటిది, ఒకచోట మాటువేసి కూర్చునేవారికి మిగిలిన రెండూ అనుకూలం.

పాత లెన్సులన్నీ అమ్మనక్కరలేదు. కానన్ పాత ఈఎఫ్ మౌంటులో లెన్సు బిగించే అంచుకూ సెన్సరుకూ (చిత్రాన్ని పట్టే పలకకూ) మధ్య దూరం 44 మి.మీ., కొత్త ఆర్‌ఎఫ్‌లో 20 మి.మీ.; తక్కువైన 24 మి.మీ.ను అడాప్టర్ గొట్టం పూరిస్తుంది. పాత నికాన్ లెన్సులను కొత్త జడ్ కెమెరాలకు తగిలించే ఎఫ్‌టీజడ్ అడాప్టర్లో ఫోకస్ మోటారు లేనందున, సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సులకు చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. ట్రైపాడ్ మీద నింపాదిగా దృశ్యం తీసేవారికి అది లోటు కాదు. ఎగిరే పక్షికి మాత్రం వేరే కంపెనీ లెన్సును అడాప్టరుతో తగిలించి ఆధారపడవద్దని చెబుతాను.

కొనేముందు రెండు మూడు రోజులకు ఆ బాడీనీ లెన్సునూ అద్దెకు తీసుకోండి. నిశ్శబ్ద (ఎలక్ట్రానిక్) షటర్ పెట్టి, నిలువు స్తంభాల ముందు కెమెరాను వేగంగా తిప్పుతూ వరుసగా ఫొటోలు తీయండి. స్తంభాలు ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే సెన్సర్ దృశ్యాన్ని వరుసవరుసగా నెమ్మదిగా చదువుతున్నట్టే. అలాంటి కెమెరాలో వేగంగా కొట్టుకునే రెక్కలు కూడా వంకరపోతాయి. చేతి అలవాటునూ పరీక్షించుకోవాలి. కానన్, నికాన్ జూమ్ రింగులు సాధారణంగా వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి. మారిన కొత్తలో లకుముకి పిట్ట కొమ్మ వదిలి నీటిలోకి దూకిన క్షణంలో నా చెయ్యి పాత అలవాటుగా రింగును పాత దిశలోనే తిప్పింది. ఫ్రేములో పిట్టకు బదులు చెరువు మొత్తం కనిపించింది.

చిల్లర ఖర్చులను ముందే కాగితం మీద రాసుకోండి. ఫిల్టర్ల వ్యాసం, ట్రైపాడ్ ప్లేటు, అదనపు బ్యాటరీలు, మెమరీ కార్డులు అన్నీ మారవచ్చు. సోనీ బాడీలు ఎక్కువగా వాడే సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ ఏ కార్డు, కానన్, నికాన్ వాడే టైప్ బి గాడిలో నేరుగా కుదరదు. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త కెమెరా రా ఫైళ్లను (సవరించని ముడి ఫొటో ఫైళ్లను) తెరుస్తుందో లేదో అద్దె రోజుల్లోనే చూసుకోండి.

ఇవన్నీ కుదిరాక ముందు టెలిఫొటో లెన్సు, బాడీ మాత్రమే కొని, దృశ్యాలను కొంతకాలం పాటు పాత కెమెరాతోనే తీయండి. మీటల స్థానాలు చూడకుండానే వేలికి తగిలే రోజు వచ్చాక పాత వైడ్ లెన్సును అమ్మకానికి పెట్టవచ్చు.