షుగర్ ఉన్నవారిలో కండ కరిగిపోతుంటే: సమస్య - పరిష్కారం

చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి వరసగా ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్లలో బలం తగ్గిందని అనుమానించాలి. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన హద్దు ఇది. పిక్క చుట్టుకొలత మగవారికి 34 సెంటీమీటర్లు, ఆడవారికి 33 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కండ తగ్గిందని అనుమానించాలి. మోకీళ్లు అరిగినవారికి నొప్పి వల్ల కూడా లేచి కూర్చోవడం ఆలస్యం కావచ్చు.

సమస్య: బరువు వేగంగా తగ్గుతోంది. దాహం, మాటిమాటికీ మూత్రం.

కారణం: షుగర్ అదుపులో లేదు. ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో ప్రొటీన్ తయారీ తగ్గి, ఉన్న కండ కరగడం పెరుగుతుంది.

పరిష్కారం: వెంటనే డాక్టరును కలవండి. ఇన్సులిన్ మొదలుపెట్టాలంటే భయపడి వాయిదా వేయకండి. వాయిదా వేసేకొద్దీ కండ పోతూనే ఉంటుంది.

సమస్య: రిపోర్టులు బాగున్నాయి, రోజూ నడుస్తున్నారు, అయినా తొడలు సన్నబడుతున్నాయి.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. "సన్నబడ్డారు, మంచిదే" అని అందరూ అనడంతో ఎవరూ పట్టించుకోరు.

కారణం: షుగర్ అనగానే అన్నం తగ్గిస్తాం, ఆ స్థానంలో ఏమీ పెంచం. పొద్దున రెండు ఇడ్లీలు, రాత్రి రెండు పుల్కాలు, కాస్త కూర. ప్రొటీన్ ఎక్కడుంది? పల్చటి పప్పుచారును పప్పు కింద లెక్కేయకండి. రెండోది, నడక గుండెకు మంచిదే కానీ కండ నిలబడాలంటే దానికి బరువు తగలాలి.

పరిష్కారం: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. వయసు మళ్లినవారికి 1 నుంచి 1.2 గ్రాములు మేలు. అంటే 60 కిలోల పెద్దాయనకు 60 నుంచి 72 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల పచ్చి కందిపప్పులో 6, 7 గ్రాములు. ముద్దపప్పు, పెసరట్టు, శనగల గుగ్గిళ్లు, పెరుగు, చేపలు మూడు పూటలకూ పంచుకోండి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచవద్దు.

వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విరామంతో. కుర్చీలోంచి లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం చాలు. తేలికైపోయాక బరువు పెంచండి, లేకపోతే లాభం ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టకండి. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారు ముందు కంటి డాక్టరును అడగాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవారికి వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు, కాబట్టి షుగర్ చూసుకుని మొదలుపెట్టాలి.

సమస్య: ఒక తొడలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి, కొన్ని వారాల్లో అది సన్నబడటం.

కారణం: షుగర్ వల్ల తొడకు వెళ్లే నరాలు దెబ్బతిని ఉండవచ్చు. వెన్ను సమస్య కూడా ఇలాగే కనిపిస్తుంది.

పరిష్కారం: వాతమని మర్దనలతో కాలం గడపకుండా నరాల డాక్టరుకు (న్యూరాలజిస్టు) చూపించండి. చాలామందిలో నెలల మీద మెల్లగా బలం తిరిగొస్తుంది, ఫిజియోథెరపీ తోడు కావాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్లుగా వాడుతూ కాళ్లు తిమ్మిరెక్కుతుంటే విటమిన్ బీ12 పరీక్ష కూడా అడగండి.

సమస్య: షుగర్‌నూ బరువునూ తగ్గించే సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్‌తో బరువు తగ్గారు, నీరసంగా ఉంది.

కారణం: తగ్గిన బరువులో కొవ్వుతోపాటు కొంత కండ కూడా ఉంటుంది. ఆకలి చచ్చి తిండీ తగ్గుతుంది.

పరిష్కారం: కంచంలో ముందు పప్పు, గుడ్డు, చేప తిని, తర్వాతే అన్నం. పైన చెప్పిన వ్యాయామం మొదటి డోసుతోనే మొదలుపెట్టండి. రెండు ముద్దలు కూడా దిగకపోతే డోసు తగ్గించమని డాక్టరును అడగండి.