రికార్డింగ్‌లో టక్‌టక్ రాకుండా ప్రాసెసర్ వేగాన్ని నిలబెట్టడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి వైపు భజన బృందాలవాళ్లు, సొంతంగా పాటలు కట్టుకునేవాళ్లు చాలామంది ఇప్పుడు ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే రికార్డు చేసుకుంటున్నారు. మధ్యలో టక్‌మంటే చాలు, కొత్త ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) కొనేస్తారు, లేదా బఫర్‌ను, అంటే ప్రాసెసర్ ఒక్కో విడతలో లెక్కకట్టే శాంపిళ్ల (ధ్వని ముక్కల) సంఖ్యను, 1024కి పెంచేస్తారు. రెండూ వద్దు. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 శాంపిళ్లంటే 21 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిస్తే పాడేవాళ్లకి తమ గొంతే వెనకబడి వినిపించి తాళం తప్పుతుంది. బఫర్ 128 ఉండాల్సిందే. అంటే ప్రతి 2.67 మిల్లీసెకన్లకి ఒకసారి ప్రాసెసర్ లెక్క అప్పజెప్పాలి. ఆ సమయానికి అది వేగం తగ్గించుకుని కునుకు తీస్తుంటే గడువు దాటిపోతుంది, టక్ వినిపిస్తుంది.

లినక్స్, అందులో ఆడియోని నడిపే పైప్‌వైర్, ప్రాసెసర్ వేగాన్ని మార్చే సీపీయూపవర్ టూల్ ఉంటే చాలు. ఛార్జర్ తీయకండి.

ముందు డెస్క్‌టాప్ పవర్ సెట్టింగుని పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ ప్రోగ్రాంలో గవర్నర్ (ప్రాసెసర్ వేగం ఎంతుండాలో నిర్ణయించే పద్ధతి) ఇప్పటికే రాసి ఉంటే అక్కడే మార్చాలి, లేదంటే కరెంటు పోయి రాగానే మీరు పెట్టినదాన్ని అది తిరగరాసేస్తుంది. తర్వాత సీపీయూపవర్‌తో అన్ని కోర్ల గవర్నర్‌నీ పెర్ఫార్మెన్స్ చేయండి. రీస్టార్ట్ చేస్తే ఇది పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పని ఇప్పుడే మొదలు.

టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు వేగాన్ని దాటి పరిగెత్తడం, ఆపేయండి. ఇంటెల్ అయితే లినక్స్ సిస్టమ్ ఫైళ్లలో intel_pstate ఫోల్డర్‌లోని no_turbo ఫైల్‌లో 1 రాయాలి. టర్బో వేగం కాసేపే ఉంటుంది, వేడెక్కగానే పడిపోతుంది. పాటకి కావలసింది ఎక్కువ వేగం కాదు, మారని వేగం.

ఇక ఆ మారని వేగం ఎంతో తేల్చాలి. బరంపురంలో అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర చైత్రంలో వస్తుంది, పాటల రికార్డింగులు ఆ ఎండల్లోనే జరుగుతాయి. మైకులో గాలి చప్పుడు పడకూడదని ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి పాడతారు. అందుకే పొద్దున్నే ఫ్యాన్ కింద చేసిన టెస్టు దేనికీ పనికిరాదు. మధ్యాహ్నం రెండింటికి, ఫ్యాన్ ఆపి, మీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన ప్రాజెక్టుని అరగంట ఆడించండి. పక్కన ప్రతి కోర్ మెగాహెర్ట్జ్ చూస్తూ ఉండండి. 2400 దగ్గర మొదలై 2100కి దిగి అక్కడ ఆగిందనుకోండి, 2000 పెట్టుకోండి. సీపీయూపవర్‌లో కనిష్ఠ వేగం, గరిష్ఠ వేగం రెండింటికీ అదే అంకె ఇవ్వండి. వేడి నుంచి కాపాడే థర్మల్ సెట్టింగులను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు.

ఐడిల్ స్థితులన్నీ (పని లేనప్పుడు ప్రాసెసర్ తీసే నిద్రలు) ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే ఖాళీగా ఉన్నప్పుడు కూడా ప్రాసెసర్ కాలుతూనే ఉంటుంది, మీరు కట్టిన వేగం నిలవదు. లేవడానికి ఎక్కువ సమయం తీసుకునే లోతైన నిద్రలను మాత్రం సీపీయూపవర్ ఐడిల్ సెట్‌తో ఆపండి. లేవడానికి 50 మైక్రోసెకన్లు, అంతకన్నా ఎక్కువ పట్టే నిద్రలను ఆపితే సరిపోతుంది.

చివరగా పైప్‌వైర్ పనితీరు చూపించే పీడబ్ల్యూ టాప్ (pw-top) తెరిచి, గడువు తప్పిన సార్లు లెక్కపెట్టే ఎర్రర్ (ERR) గడిలో అంకె చూసుకుని, ఒక పాట పూర్తిగా పాడించండి. అంకె కదలకపోతే వేగం కుదిరినట్టే. ఒకటి రెండు పెరిగితే వైఫై ఆపి మళ్లీ చూడండి. అప్పుడూ పెరుగుతుంటే బఫర్ జోలికి వెళ్లకుండా ప్రాజెక్టులోని బరువైన రివర్బ్‌ని (గొంతుకి ప్రతిధ్వని చేర్చే ఎఫెక్ట్) తీసేయండి, దాన్ని మిక్సింగ్‌లో వేసుకోవచ్చు.