రాత్రిపూట ఫ్లాష్‌తో అడవి జంతువులు: ఫొటో ఎక్కడ చెడుతోంది?

ఏటా తొలకరికి మా ఊరి చెరువు గట్టున బోదురుకప్పల కోసం కాపు కాస్తాను. పొలాల్లో ఒక్కోసారి పునుగుపిల్లి, కుందేలు కూడా ఎదురవుతాయి. అక్కడ పాడైన ఫొటోలు నేర్పినవే ఇవన్నీ. అభయారణ్యంలోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి అడుగుపెట్టకండి.

కళ్లు దీపాల్లా వెలుగుతున్నాయి

పునుగుపిల్లి, జింకల కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. పడిన వెలుగును అది వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. ఫ్లాష్ కెమెరా నెత్తిమీదే ఉంటే ఆ వెలుగంతా లెన్స్‌లోకే వస్తుంది. కాబట్టి ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీయండి. వైర్‌లెస్ ట్రిగ్గర్ (వైరు లేకుండా ఫ్లాష్‌ను వెలిగించే పరికరం) పెట్టి, చేతిని పక్కకు చాపి కాస్త ఎత్తులో పట్టుకోండి. జంతువు దూరంగా ఉంటే చేయి చాపినంత ఎడం చాలదు, తోడు వచ్చినవారికి ఇచ్చి ఇంకా పక్కన నిలబెట్టండి. ఎడిటింగ్‌లో నల్లచుక్క పెడితే సరిపోతుందనుకోవద్దు. ఆ కంట్లో జీవం కనిపించదు.

వానలో, మంచులో తెల్ల చుక్కలు పడటానికీ ఇదే కారణం, ఇదే మందు. లెన్స్‌కు దగ్గరున్న చినుకుల మీద వెలుగు పడకూడదు.

ముందున్న గడ్డి తెల్లగా, జంతువు నల్లగా

దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే చేరుతుంది. గైడ్ నంబర్ (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 40 ఉన్న ఫ్లాష్ ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత) దగ్గర 5 మీటర్లకే సరిపోతుంది. ఐఎస్ఓ 400 పెడితే 10 మీటర్లు వస్తుంది. గడ్డి అడ్డుంటే ఫ్లాష్‌ను దానికంటే పైకెత్తండి.

పసుపు కప్ప తెల్లగా మాడిపోయింది

జత కట్టే కాలంలో మగ బోదురుకప్ప నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. చుట్టూ చీకటి చూసి ఆటో ఫ్లాష్ అవసరానికి మించి వెలుగు కొడుతుంది. మాన్యువల్‌లో 1/16 పవర్‌తో మొదలుపెట్టి చూసుకోండి. తడి చర్మం మీద మెరుపు తగ్గాలంటే డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే తెర) తప్పనిసరి.

ఫ్రేములో ఒక పక్క నల్లటి పట్టీ

షట్టర్ వేగం సింక్ హద్దు (ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడే గరిష్ఠ వేగం) దాటింది. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250 సెకను. అంతకు మించకండి.

రెండో ఫొటోకు ఫ్లాష్ వెలగలేదు

ఫుల్ పవర్‌లో కొడితే మళ్లీ చార్జ్ కావడానికి టైమ్ పడుతుంది. ఐఎస్ఓ పెంచి, పవర్ 1/8కి దించండి. రీచార్జబుల్ సెల్స్ వాడండి.

జంతువు బిగుసుకుపోయింది

పోజు ఇస్తోందనుకోకండి. చీకటికి అలవాటుపడిన కళ్లకు ఆ వెలుగు తట్టుకోవడం కష్టం. ఒకటి రెండు ఫొటోలతో ఆపేయండి. దేవాంగపిల్లి మీద, గూట్లో ఉన్న పక్షి మీద నేనైతే ఫ్లాష్ అసలు కొట్టను. తీయడం అయ్యాక టార్చి ఆర్పేసి, జంతువు తనంతట తాను కదిలి వెళ్లేదాకా చప్పుడు చేయకుండా అక్కడే ఉండండి.