చైనా, అమెరికాల నడుమ వియత్నాం: చిన్న దేశాల మొగ్గును అంచనా వేయడం ఎలా?

ఒక చిన్న దేశం ఏ అగ్రరాజ్యం వైపు మొగ్గుతోందో తేల్చడానికి సాధారణంగా మనం నాయకుల ప్రసంగాలను, కరచాలనాల ఫోటోలను చూస్తాం. నా ఉద్దేశంలో ముందుగా చూడవలసింది, ఆ దేశం ఎవరికీ ఇవ్వబోనని ప్రకటించుకున్నది ఏమిటన్నది.

వియత్నాంనే తీసుకోండి. సైనిక కూటముల్లో చేరకూడదని, ఒక దేశంతో కలిసి మరో దేశాన్ని ఎదుర్కోకూడదని, విదేశీ స్థావరాలకు తన నేలను ఇవ్వకూడదని, బలప్రయోగానికి గానీ బెదిరింపుకు గానీ దిగకూడదని అది 2019 నాటి రక్షణ శ్వేతపత్రంలో రాసుకుంది. ఈ నియమాల వెనుక చేదు అనుభవం ఉంది. 1978 నవంబరులో సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకున్న వియత్నాం మీద మరుసటి ఫిబ్రవరిలో చైనా దండెత్తినప్పుడు, మాస్కో ఆయుధాలు పంపిందే తప్ప యుద్ధంలోకి దిగలేదు. 1988లో దక్షిణ చైనా సముద్రంలోని స్ప్రాట్లీ దీవుల్లో ఉన్న జాన్సన్ సౌత్ రీఫ్ వద్ద చైనా దళాల చేతిలో 64 మంది వియత్నాం సైనికులు చనిపోయినప్పుడు, వియత్నాంలోని కామ్ రాన్ రేవులోనే ఉన్న సోవియట్ నౌకాదళం జోక్యం చేసుకోలేదు. ఏ దేశపు జాగ్రత్తనైనా అర్థం చేసుకోవాలంటే, అది గతంలో ఎవరిని నమ్మి నష్టపోయిందో తెలుసుకోవలసిందే.

తర్వాత, ఎవరికి ఏమిచ్చారో తేదీల వారీగా రాసుకోండి. 2023 సెప్టెంబరులో బైడెన్ వియత్నాం రాజధాని హనోయ్ వచ్చినప్పుడు, వియత్నాం అమెరికాతో సంబంధాన్ని ఒకేసారి రెండు మెట్లు పెంచి ‘సమగ్ర వ్యూహాత్మక భాగస్వామ్యం’ అనే అత్యున్నత స్థాయికి చేర్చింది. ఈ ఒక్క వార్త చదివితే అది అమెరికా పక్షాన చేరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ హోదా చైనాకు 2008లోనే, రష్యాకు 2012లో, మన దేశానికి 2016లో దక్కింది. బైడెన్ వెళ్లిన మూడు నెలలకు షీ జిన్‌పింగ్, 2024 జూన్‌లో పుతిన్ హనోయ్‌కే వచ్చారు. ఆ ఆగస్టులో వియత్నాం కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన టో లామ్ తొలి విదేశీ పర్యటనకు చైనాను ఎంచుకుని, మరుసటి నెల న్యూయార్క్‌లో బైడెన్‌ను కలిశారు.

ఆయుధాల విషయానికి వస్తే, అమ్మిన దేశాన్ని మాత్రమే చూసి ఆగిపోకండి. వియత్నాం 2009లో రష్యా నుంచి ఆరు కిలో తరగతి జలాంతర్గాములు కొనడానికి ఒప్పందం చేసుకుంది. వాటిని నడిపే నావికుల శిక్షణ కోసం విశాఖపట్నంలోని మన జలాంతర్గామి శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ శాతవాహన వైపు చూసింది. 2023 జూన్‌లో విశాఖ నుంచే బయలుదేరిన ఐఎన్ఎస్ కృపాణ్ అనే క్షిపణి నౌకను, జూలైలో అదే కామ్ రాన్ రేవులో భారత్ వియత్నాంకు కానుకగా అప్పగించింది. రెండు పెద్ద శక్తుల మధ్య ఇరుక్కున్న దేశం మూడో, నాలుగో స్నేహితులను ఎంత శ్రద్ధగా పెంచుకుంటోందన్నదే అన్నిటికన్నా నమ్మదగిన ఆధారమని నేను భావిస్తాను, ఎందుకంటే భారత్, జపాన్‌ల సాయం బీజింగ్‌ను అమెరికా సాయమంత రెచ్చగొట్టదు.

సంక్షోభ సమయంలోని ప్రవర్తనను విడిగా పరిశీలించండి. 2014 మేలో ఇరుదేశాలూ తమవేనంటున్న పారాసెల్ దీవుల దగ్గర చైనా చమురు రిగ్గును నిలిపినప్పుడు వియత్నాం తన పడవలను పంపింది గానీ కాల్పులకు దిగలేదు. జూలైలో రిగ్గు వెళ్లిపోయింది. అక్టోబరులో అమెరికా, వియత్నాంకు ఆయుధాలు అమ్మడంపై ఉన్న నిషేధాన్ని సడలించి, 2016లో పూర్తిగా ఎత్తేసింది.

చివరగా వాణిజ్యం చూడాలి, ఈ సమతూకం బలహీనత అక్కడే బయటపడుతుంది. వియత్నాం సరుకుకు అతిపెద్ద మార్కెట్ అమెరికా, ఆ సరుకు తయారీకి కావలసిన విడిభాగాలు ఎక్కువగా వచ్చేది చైనా నుంచి. 2025 ఏప్రిల్‌లో 46 శాతం సుంకం ప్రకటించిన ట్రంప్, జూలైలో దాన్ని 20 శాతానికి తగ్గిస్తూనే, ఇతర దేశాల సరుకును వియత్నాం మీదుగా దాటిస్తే 40 శాతం తప్పదన్నారు. అందుచేత ఇకపై హనోయ్ మొగ్గును గమనించేవారు యుద్ధనౌకల రాకపోకలతో పాటు, సరుకు ఏ దేశంలో తయారైందో తెలిపే ధ్రువపత్రాల నిబంధనలను వియత్నాం ఎంత కఠినంగా అమలు చేస్తోందో కూడా చూడాలి.