మాజీ కెప్టెన్ సెలెక్టరైతే ఆయన పనితీరును అంచనా వేయడం ఎలా?

మాజీ కెప్టెన్ ఒకరు సెలెక్షన్ కమిటీకి అధ్యక్షుడైతే, ఆయన ఆడిన రోజుల కీర్తిని బట్టి ఎంపికలను మెచ్చుకోవడం గానీ తెగడడం గానీ న్యాయం కాదు. ముందుగా రెండు ఖాతాలను విడివిడిగా రాసుకోవాలి. 2008 నుంచి 2012 వరకు చీఫ్ సెలెక్టర్‌గా ఉన్న కృష్ణమాచారి శ్రీకాంత్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

ఆటగాడి ఖాతా తేలికగానే తేలుతుంది. 1983 ప్రపంచకప్ ఫైనల్లో ఇరుజట్లలోనూ అత్యధిక స్కోరు ఆయన చేసిన 38 పరుగులే. 1989లో పాకిస్తాన్‌లో కెప్టెన్‌గా నాలుగు టెస్టులనూ డ్రా చేసినా, పరుగులు రాక కెప్టెన్సీతో పాటు జట్టులో చోటూ కోల్పోయారు. పగ్గాలు హైదరాబాదీ అజహరుద్దీన్‌కు దక్కాయి. వేటు పడిన ఆటగాడి బాధ తెలిసిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నారన్న సంగతి గుర్తుంచుకోదగినదే అయినా, దానికి మార్కులు వేయకూడదు.

సెలెక్టర్ ఖాతాలో గెలుపోటముల కంటే జట్టు జాబితాలనే ముందు చూడాలి. 2011 ప్రపంచకప్‌కు 15 మందిని ప్రకటించినప్పుడు పీయూష్ చావ్లాకు చోటిచ్చి, రోహిత్ శర్మను పక్కన పెట్టారు. అలాంటి నిర్ణయాన్ని తర్వాత జరిగినదాన్ని బట్టి కాక, ఆనాటి ఫామ్‌నూ జట్టు అవసరాన్నీ బట్టి తూచాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా పరిశీలించవలసింది ప్రత్యామ్నాయ ఆటగాళ్ల బలం. 2011 ఇంగ్లండ్ పర్యటనలో తొలి టెస్టులోనే జహీర్ ఖాన్ గాయపడగా, చివరికి ఓవల్ టెస్టు కోసం 2008 తర్వాత టెస్టు ఆడని ఆర్పీ సింగ్‌ను పిలిపించవలసి వచ్చింది. అక్కడ టెస్టు సిరీస్‌లో 0-4తో ఓటమి, కొన్ని నెలలకే ఆస్ట్రేలియాలో మళ్లీ 0-4. ప్రపంచకప్ ఘనతలో కమిటీకి వాటా ఇచ్చినవారు ఈ లోటునూ దాని పేరిటే రాయాలని నా దృఢాభిప్రాయం.

అయితే అధికారం ఎవరి చేతిలో ఉందో చూడకుండా నింద వేయరాదు. ఆస్ట్రేలియా ఓటముల తర్వాత ధోనీని కెప్టెన్సీ నుంచి తప్పించాలని సెలెక్టర్లు భావించినా, బోర్డు అధ్యక్షుడు అడ్డుపడ్డారని కమిటీ సభ్యుడు మొహిందర్ అమర్‌నాథ్ తర్వాత బహిరంగంగానే చెప్పారు.

చివరగా తరాల మార్పును ఎలా నడిపించారో చూడాలి. 2012 మార్చిలో ద్రావిడ్ వైదొలిగారు. న్యూజిలాండ్ సిరీస్‌కు ఎంపికైన లక్ష్మణ్ సొంతగడ్డ హైదరాబాద్‌లో టెస్టుకు కొద్దిరోజుల ముందే వీడ్కోలు పలికారు. ఆ మ్యాచ్‌లోనే పుజారా మూడో స్థానంలో వచ్చి 159 పరుగులు చేశాడు. అతన్ని ఎంపిక చేసిందీ అదే కమిటీ కనుక, ఆ రెండు 0-4ల సరసనే దీన్నీ నమోదు చేసుకోవాలి.