కప్పు పక్కకు జరిగే అబ్జర్వేటరీ: వేడి, వాన పెట్టే ఇబ్బందులు, వాటి పరిష్కారాలు

పెరట్లో అబ్జర్వేటరీ, అంటే టెలిస్కోపు పెట్టుకునే గది, కట్టుకున్నాక టెలిస్కోపులో బొమ్మ సరిగా రాకపోతే అందరం ముందు టెలిస్కోపునే అనుమానిస్తాం. ఎక్కువసార్లు తప్పు గదిది.

సమస్య: కప్పు తీసి గంట దాటినా నక్షత్రం కుదురుగా నిలవదు

ఒక మంచి ప్రకాశమైన నక్షత్రం మీద ఫోకస్ కొంచెం తప్పించండి, అది గుండ్రటి వెలుగు బిళ్లలా విచ్చుకుంటుంది. దాని మీద సన్నటి నీడలు చకచకా ఒకే దిక్కుకి పరుగెడుతుంటే అది పై గాలి పొరల వల్ల, మన చేతిలో లేదు. అలాకాక గిన్నె మీద ఆవిరిలా నెమ్మదిగా మెలికలు తిరుగుతూ లేస్తుంటే మాత్రం వేడి దగ్గర్లోనే ఉంది, టెలిస్కోపు గొట్టంలోనో గదిలోనో.

ఇటుక గోడలు, కాంక్రీట్ నేల పగలంతా వేడి పీల్చుకుని సరిగ్గా మనం పని మొదలుపెట్టే వేళకి వదులుతాయి. అందుకే గోడలకి చెక్క ఫ్రేము మీద పలుచని షీట్లు మేలు, త్వరగా చల్లారతాయి. నేల ఇప్పటికే కాంక్రీట్ అయితే కింద గాలి ఆడేలా పైన చెక్క పలకలు పరవండి. ఇక కప్పు విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది: మెరిసే జింకు రేకు ఎండని తిప్పికొడుతుంది కాబట్టి చల్లగా ఉంటుందనుకుంటాం, కానీ అది పీల్చుకున్న కాస్త వేడినీ సులువుగా బయటికి వదలదు, ఎండలో చెయ్యి పెడితే కాలుతుంది. తెల్ల పెయింటు ఎండని తిప్పికొట్టడం, వేడి వదలడం రెండు పనులూ చేస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను గోడ పైభాగంలో, గాలి లోపలికొచ్చే కిటికీ నీడపడే వైపు కింద పెట్టి, సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే నడపండి.

సమస్య: వాన లేదు, అయినా తెల్లారేసరికి టెలిస్కోపు మీద నీళ్లు

దీనితో నేను చాలా రోజులు అవస్థపడ్డాను. కారుతోందనుకుని ప్రతి స్క్రూ చుట్టూ సిలికాన్ పూశాను, ఫలితం లేదు. ఒకరోజు తెల్లవారుజామున రేకు అడుగున అరచెయ్యి ఆనిస్తే చెయ్యంతా తడి, ఎక్కడ ముట్టుకున్నా అదే. కారడమైతే ఒక చోట కారుతుంది కదా! నిర్మలమైన రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, లోపలి తేమ దాని అడుగున చుక్కలు కడుతుంది. రేకు అడుగున ఫోమ్ షీటు సందు లేకుండా అంటిస్తే ఈ బాధ పోతుంది. సందు మిగిలితే ఆ వెనకే చెమ్మ చేరి తుప్పు మొదలవుతుంది, జాగ్రత్త.

సమస్య: రాత్రి హాయిగా జరిగే కప్పు మధ్యాహ్నం బిగుసుకుపోతుంది

ఇనుము సాగడం వల్ల. 4 మీటర్ల ఇనుప ఫ్రేము 30 డిగ్రీల తేడాకి దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు సాగుతుంది. రెండు వైపులా వి-గాడి చక్రాలే (V ఆకారపు గాడితో పట్టాని పట్టుకుని నడిచేవి) ఉంటే వెడల్పులో సాగిన ఆ కాస్తా పోవడానికి దారి ఉండదు. ఒక వైపు గాడి చక్రాలు ఉంచి, రెండో వైపు చదును చక్రాలు వేయండి. అప్పటికీ పట్టేస్తుంటే పట్టాల మధ్య దూరం రెండు చివరలా, మధ్యలో టేపుతో కొలవండి, రసమట్టం పెట్టి చూడండి.

సమస్య: గాలివానకి జల్లు లోపలికి కొట్టడం

కప్పుకీ గోడకీ మధ్య సందు తప్పదు, లేకపోతే అది కదలదు. సందు మూయాలని చూడకండి, చూరుని గోడ బయటవైపు జానెడు కిందికి దించండి, ఎగిరొచ్చే జల్లు ఆ మలుపు ఎక్కలేదు. కప్పు జరిగే వైపు త్రికోణం గోడ దగ్గర మాత్రం అలా కుదరదు, అక్కడ కీళ్లతో మడిచే పలక పెట్టాలి.

దీనికంటే పెద్ద భయం కప్పు ఎగిరిపోవడం. చక్రాలు పట్టాల మీద ఊరికే కూర్చుని ఉంటాయి, పెనుగాలి పైకి లాగితే ఆపేది ఏదీ లేదు. మూసినప్పుడు నాలుగు మూలలా టర్న్‌బకిల్ (మధ్యలో తిప్పితే రెండు కొసల్నీ దగ్గరికి లాగి బిగించే స్క్రూ) బిగించండి. తెరిచి ఉన్నప్పుడు కూడా గాలి రావచ్చు, కాబట్టి కప్పు ఫ్రేముకి కొక్కేల్లాంటి ఇనుప ముక్కలు వెల్డింగ్ చేయించి పట్టాని మోసే దూలం కిందికి వంచి ఉంచండి. గోడల ఫ్రేము కూడా పునాదికి బోల్టులతో బిగిసి ఉండాలి.

సమస్య: గదిలో అడుగేస్తే బొమ్మ వణుకుతుంది

టెలిస్కోపుని మోసే స్తంభం ఎక్కడో గది నేలని తాకుతోంది. చుట్టూ రెండు సెంటీమీటర్ల సందు ఖాళీగా ఉందో లేదో టార్చి వేసి చూడండి, ఒక్క సిమెంటు పెళ్ల ఇరుక్కున్నా చాలు.